కట్టిన సుంకం ఎవరి సొమ్ము?

1838 ఆగస్టులో శామ్యూల్ స్వార్ట్‌వౌట్ న్యూయార్క్‌లో ఓడ ఎక్కి యూరప్‌కు ప్రయాణమయ్యాడు. అంతకు కొద్ది నెలల ముందు వరకు, తొమ్మిదేళ్ళ పాటు, ఆయన ఆ రేవుకు కలెక్టరు. తెలుగువారికి కలెక్టరు అనగానే జిల్లాను ఏలే అధికారి గుర్తొస్తాడు గాని, ఇక్కడ ఆ మాటకు ఉన్నది దాని మొదటి అర్థమే: ఓడల మీద వచ్చిన సరుకుకు సుంకం వసూలుచేసేవాడు. ఆ రోజుల్లో అమెరికా సమాఖ్య ప్రభుత్వానికి ఆదాయపు పన్ను లేదు. ఖజానాకు ప్రధానమైన ఆధారం దిగుమతి సుంకం. అందులో పెద్ద వాటా న్యూయార్క్ రేవుది. అందువల్ల ఆ కలెక్టరు పదవికి మంత్రి పదవితో సమానమైన గిరాకీ ఉండేది. ఆయన సముద్రం దాటాక లెక్కలు తీస్తే పన్నెండు లక్షల డాలర్లకు పైగా లోటు తేలింది. అప్పటి పత్రికలు ఆయన ఇంటిపేరునే క్రియాపదం చేసి, సర్కారు సొమ్ముతో ఉడాయించడానికి పర్యాయంగా వాడుకున్నాయి.

స్వార్ట్‌వౌట్ చరిత్రకు కొత్తవాడు కాదు. యువకుడుగా ఆరన్ బర్ కుట్రలో రహస్య లేఖ మోసినందుకు దేశద్రోహం కింద పట్టుబడి, 1807లో సుప్రీంకోర్టు తీర్పుతో బయటపడ్డాడు. 1829లో ఆండ్రూ జాక్సన్ ఆయనను కలెక్టరుగా నియమించినప్పుడు మార్టిన్ వాన్ బ్యూరెన్ వద్దని చెప్పి చూశాడు. ఇవన్నీ కథకు రుచినిచ్చే వివరాలే. అయితే ఒక అధికారి చేతిలో అంత సొమ్ము, ఖజానాకు చేరకుండా, అన్నేళ్ళు ఎలా నిలిచిందన్నది వేరే ప్రశ్న. ఆయన సొమ్ము నిలుపుకోవడానికి చెప్పిన కారణాలలో ఒకటి పూర్తిగా చట్టబద్ధమైనది: ఎక్కువ సుంకం కట్టామంటున్న వర్తకులు తన మీద దావాలు వేస్తున్నారు, ఓడిపోతే తిరిగి ఇవ్వవలసింది తానే కనుక ఆ మేరకు డబ్బు తన దగ్గర ఉండాలి. ఈ వాదనకు రెండేళ్ళ ముందే దేశపు అత్యున్నత న్యాయస్థానం ముద్ర వేసింది. ఆ కేసులో ప్రతివాది కూడా ఆయనే.

సుంకం వాపసు అన్న భావన అంతకు చాలా పాతది, కాని దాని తొలి రూపం వేరు. 1660 నాటి ఇంగ్లండు సుంకాల చట్టంలోనే, దిగుమతి చేసిన సరుకును మళ్ళీ విదేశానికి పంపితే కట్టిన సుంకంలో సగం తిరిగి ఇచ్చే ఏర్పాటు ఉంది. దీనికి డ్రాబ్యాక్ అని పేరు. దేశంలో అమ్ముడుపోని సరుకు మీద పన్ను దేశంలో ఎవరూ మోయనక్కరలేదన్నది దాని వెనుక ఉన్న తర్కం. లండన్ నగరం ప్రపంచపు సరుకులకు మజిలీ కావాలన్న ఆశ కూడా అందులో ఉంది. మచిలీపట్నం మొదలైన కోరమాండల్ రేవుల నుంచి ఈస్టిండియా కంపెనీ ఓడల్లో వెళ్ళిన బట్టలలో చాలా భాగం లండన్ గోదాముల్లో కొంతకాలం ఆగి, అక్కడినుంచి ఐరోపా ఖండానికి, పశ్చిమాఫ్రికాకు, అమెరికా వలసలకు వెళ్ళేది. 1701 నుంచి ఇంగ్లండులో అద్దకపు బట్టల వాడకాన్నే నిషేధించినప్పుడు కూడా, తిరిగి ఎగుమతి చేసేందుకు మాత్రం వాటిని దించుకోనిచ్చారు. కృష్ణా తీరపు అద్దకంవాళ్ళు తమ గుడ్డ మీద సముద్రానికి అవతల ఇంత లెక్క నడుస్తున్నదని ఎరిగి ఉంటారని అనుకోలేం.

డబ్బు తిరిగి వచ్చే చోట మోసమూ వస్తుంది. పొగాకును ఎగుమతి చేసినట్టు కాగితాలు చూపి, వాపసు పుచ్చుకుని, రాత్రిపూట అదే పొగాకును మరో ఒడ్డున దించడం ఇంగ్లండులో పెద్ద వ్యాపారమే అయింది. 1733లో రాబర్ట్ వాల్‌పోల్ తెచ్చి, జనాగ్రహానికి వెనక్కు తీసుకున్న ఎక్సైజు పథకానికి ఈ మోసం ఒక ముఖ్య కారణం. అయినా ఆడమ్ స్మిత్ 1776లో వచ్చిన తన గ్రంథంలో డ్రాబ్యాక్‌కు ఒక అధ్యాయమే కేటాయించి, వర్తకానికి రాజ్యం ఇచ్చే ప్రోత్సాహాలలో అన్నిటికన్న సమంజసమైనది ఇదేనని తేల్చాడు. ఉన్నదాన్ని వక్రం చెయ్యకుండా, సుంకం వల్ల వచ్చిన వక్రతను మాత్రమే ఇది సరిదిద్దుతుందని ఆయన అభిప్రాయం.

అమెరికా చరిత్రలో ఈ వాపసుకు ఉన్న చోటు మరీ విచిత్రం. బోస్టన్ రేవులో తేయాకు పెట్టెలను నీళ్ళలో కలిపిన ఘటనను పన్ను పెంపు మీద తిరుగుబాటుగా చెప్పుకోవడం పరిపాటి. నిజానికి 1773 నాటి తేయాకు చట్టం కొత్త పన్ను వెయ్యలేదు. కంపెనీ తేయాకు ఇంగ్లండులో దిగినప్పుడు కట్టిన సుంకాన్ని, అమెరికాకు పంపినప్పుడు పూర్తిగా తిరిగి ఇచ్చింది. కంపెనీ నేరుగా అమెరికాలో అమ్ముకునే వీలు కల్పించింది. దానితో వలసలలో తేయాకు చవక కావలసింది. వలసలవారు మండిపడింది, 1767 నుంచి ఉన్న పౌనుకు మూడు పెన్నీల టౌన్‌షెండ్ సుంకం అలాగే మిగిలినందుకు, చవక సరుకు చాటున దానికి తమచేత ఒప్పుదల చేయిస్తున్నారన్నందుకు. దొంగ రవాణా తేయాకుతో బతికే వర్తకుల స్వార్థమూ అందులో కలిసింది. లండన్‌లో ఇచ్చిన వాపసు బోస్టన్‌లో నిప్పు రాజేసింది.

ఆ నిప్పులోంచి పుట్టిన దేశం తన తొలి సుంకాల చట్టంలోనే డ్రాబ్యాక్‌ను రాసుకుంది. 1789 జులై 4న జార్జ్ వాషింగ్టన్ సంతకం చేసిన ఆ చట్టం ప్రకారం, కొన్ని రకాల మద్యం మినహా, పన్నెండు నెలల లోపు తిరిగి ఎగుమతి అయిన సరుకు మీద సుంకంలో నూటికి ఒక వంతు ఖర్చుల కింద మినహాయించుకుని మిగిలినదంతా ఇచ్చెయ్యాలి. తరువాతి కాలంలో నియమాలు ఎన్నో మారాయి గాని, ఇప్పుడు అమలులో ఉన్న 1930 చట్టపు 313వ సెక్షనులో కూడా మామూలు వాపసు నూటికి తొంభై తొమ్మిదే.

డ్రాబ్యాక్‌లో తగాదా తక్కువ. సుంకం న్యాయంగానే వసూలైంది, సరుకు వెళ్ళిపోయింది కనుక తిరిగి వస్తుంది. అసలు చిక్కు రెండో రకం వాపసుది: వసూలు చెయ్యడమే తప్పయినప్పుడు. వర్తకుడు అలా అంటాడు, అధికారి కాదంటాడు. తీర్చేదెవరు?

న్యూయార్క్‌లో ఇలియట్ అనే దిగుమతిదారు అంచులకు నూలు ఉన్న వర్‌స్టెడ్ శాలువలు, నూలు పట్టీలున్న వర్‌స్టెడ్ సస్పెండర్లు తెప్పించాడు. వర్‌స్టెడ్ కూడా గొర్రె బొచ్చుతో చేసినదే, కాకపోతే పొడుగు పోగులను దువ్వి నున్నగా వడికినది. 1832 చట్టం కింద ఇది ఉన్ని సరుకని కలెక్టరు స్వార్ట్‌వౌట్ హెచ్చు సుంకం కట్టించుకున్నాడు. బజారులో ఉన్ని వేరు, వర్‌స్టెడ్ వేరు అన్నాడు వర్తకుడు. 1836లో సుప్రీంకోర్టు వర్తకుడి పక్షం వహించింది. సుంకాల చట్టాలు వ్యాపారుల వాడుక కోసం రాసినవి కనుక వాటిలోని మాటలకు శాస్త్రజ్ఞుల అర్థం కాక వ్యాపారుల అర్థమే చెప్పుకోవాలన్నది. ఈ సూత్రం ఆ తరువాత ఎన్నో సరుకుల విషయంలో పనికివచ్చింది.

చరిత్రను మలుపు తిప్పినది మాత్రం రెండో అంశం. డబ్బు ఎవరి దగ్గర వసూలు చేసుకోవాలి? ప్రభుత్వం మీద, దాని అనుమతి లేకుండా, దావా చెల్లదు. అందుకని ఇంగ్లండు సంప్రదాయం నుంచి వచ్చిన ఒక కల్పనను న్యాయస్థానాలు వాడుకున్నాయి. కలెక్టరు అనే వ్యక్తి మరొకరి సొమ్మును అన్యాయంగా తన జేబులో ఉంచుకున్నాడు, తిరిగి ఇస్తానని అతడు మాట ఇచ్చినట్టే భావించాలి. అంటే ఎదటి పక్షం ప్రభుత్వం కాదు, మనిషి. అయితే ఒక షరతు. మారు మాటాడకుండా కట్టినవాడు చట్టం తెలియక కట్టినా తిరిగి అడగలేడు. కట్టేటప్పుడే అభ్యంతరం చెప్పి, దావా వేస్తానని హెచ్చరించి ఉంటే కలెక్టరు స్వయంగా బాధ్యుడు. ఆ హెచ్చరిక అందాక అతడు సొమ్మును ఖజానాకు పంపేసినా ఆ బాధ్యత తీరదు. ‘ప్రొటెస్ట్’ అన్న మాట సుంకాల న్యాయంలో పాతుకుపోయింది ఇక్కడే.

కలెక్టరు స్థానంలో ఉన్న బుద్ధిమంతుడెవడైనా ఆ తీర్పు చదివి ఏం చేస్తాడు? అభ్యంతరం చెప్పిన ప్రతి డాలరునూ తన దగ్గరే ఉంచుకుంటాడు. బుద్ధితో పాటు టెక్సస్ భూముల మీద ఆశ కూడా ఉన్నవాడు ఆ డాలర్లను ఊరికే ఉంచడు. వర్తకుడిని కాపాడేందుకు కోర్టు చేసిన ఏర్పాటు కలెక్టరు చేతికి సొంత ఖజానాను ఇచ్చింది. స్వార్ట్‌వౌట్ లోటు అంతా ఇందువల్లనే వచ్చిందనడం అతిశయోక్తి అవుతుంది. ఆయన అంతకు ముందునుంచే సర్కారు సొమ్ము వాడుకుంటున్నాడు. కాని అడిగినవారికి చెప్పడానికి ఆయనకు ఒక న్యాయమైన సమాధానం దొరికింది.

కాంగ్రెస్ ప్రతిస్పందన వేగంగానే వచ్చింది. 1839 మార్చి 3 నాటి చట్టం, అభ్యంతరంతో కట్టినదైనా సరే, వసూలైన ప్రతి సొమ్మూ ఖజానా ఖాతాకు చేరాలని, కలెక్టరు దగ్గర నిలవకూడదని శాసించింది. ఎక్కువ కట్టినట్టు ఖజానా కార్యదర్శికి తృప్తి కలిగితే ఆయన వాపసుకు ఉత్తర్వు ఇస్తాడు. దొంగతనం దారి మూసుకుంది. దానితో పాటు మరో తలుపు కూడా మూసుకుందా అన్నది ఎవరూ అప్పుడు అడగలేదు.

ఆ ప్రశ్న 1845 జనవరి 21న తేలింది. స్వార్ట్‌వౌట్ తరువాత వచ్చిన జెస్సీ హోయిట్ కూడా లెక్కల గోలలోనే పదవి పోగొట్టుకున్నాడు. ఆ తరువాతి కలెక్టరు ఎడ్వర్డ్ కర్టిస్. కేరీ అనే వర్తకుడు వేసిన దావాలో జస్టిస్ పీటర్ డేనియల్ రాసిన మెజారిటీ తీర్పు తర్కంలో లోపం వెతకడం కష్టం. కలెక్టరు డబ్బు నిలుపుకోవడాన్నే చట్టం నిషేధించింది. తన దగ్గర లేని, ఉండకూడని డబ్బును తిరిగి ఇస్తానని అతడు మాట ఇచ్చినట్టు ఎలా భావిస్తాం? కల్పనకు ఆధారమైన నేల పోయింది, కల్పనా పోయింది. ఇక వర్తకుడు వెళ్ళవలసింది ఖజానా కార్యదర్శి దగ్గరికి.

జస్టిస్ జోసెఫ్ స్టోరీ, జస్టిస్ జాన్ మెక్లీన్ ఒప్పుకోలేదు. స్టోరీ అప్పటికి ముప్ఫై మూడేళ్ళుగా ఆ పీఠం మీద ఉన్నవాడు, దేశంలోకెల్లా పేరున్న న్యాయ గ్రంథకర్త. ఆయన బాధ కర్టిస్ జేబు గురించి కాదు. చట్టవిరుద్ధంగా పన్ను వసూలైందన్న ఫిర్యాదు మీద తుది తీర్పరి పన్ను వసూలు చేసే శాఖ అధిపతే అయితే, జ్యూరీ ముందు, న్యాయమూర్తి ముందు పౌరుడు నిలబడే హక్కు ఏమైనట్టు? కార్యనిర్వాహక శాఖకు న్యాయాధికారం అప్పగించాలన్న ఉద్దేశం కాంగ్రెస్‌కు ఉందని తాను నమ్మలేనన్నాడు. అదే ఏడాది సెప్టెంబరులో ఆయన మరణించాడు. కాని ఆయన మాట నెగ్గడం చూసే పోయాడు. తీర్పు వెలువడిన ముప్ఫై ఆరు రోజులకు, ఫిబ్రవరి 26న, కాంగ్రెస్ మరో చట్టం చేసింది: 1839 చట్టంలో ఉన్నదేదీ దావా హక్కును తీసివేసినట్టు అర్థం చెప్పుకోకూడదు. సొమ్ము ఖజానాలోనే ఉంటుంది, కోర్టు తలుపూ తెరిచే ఉంటుంది. బదులుగా వర్తకుడి మీద ఒక భారం పడింది. అభ్యంతరం లిఖితపూర్వకంగా, సంతకంతో, డబ్బు కట్టేలోపు ఇవ్వాలి. కారణాలు స్పష్టంగా, విడివిడిగా చెప్పాలి.

చివరి షరతు చూడటానికి చిన్నది. తరువాతి వందేళ్ళ సుంకాల వ్యాజ్యాలలో వర్తకులు ఓడిపోయిన సందర్భాలు చాలా వాటికి మూలం అందులో ఉంది. అభ్యంతరపత్రం న్యాయవాది రాసినంత పకడ్బందీగా ఉండనక్కరలేదని కోర్టులు ఉదారంగానే అన్నాయి. కాని, కట్టేనాటికి వర్తకుడి మనసులో ఉన్న ఆక్షేపణ కాగితం మీద కనిపించాలి, తరువాత తట్టిన కారణం పనికిరాదు. దానితో సుంకాల బ్రోకర్లు చట్టంలో వీలైన ప్రతి కారణాన్నీ ఒకే కాగితం మీద గుప్పించడం నేర్చుకున్నారు.

తరువాతి కథ గడువుల కథ. 1864 చట్టం అభ్యంతరానికి పది రోజులు, కార్యదర్శికి అప్పీలుకు ముప్ఫై రోజులు, దావాకు తొంభై రోజులు పెట్టింది. న్యూయార్క్ కోర్టులో వ్యాజ్యాలు గుట్టలు పడ్డాక, 1890లో తొమ్మండుగురు జనరల్ అప్రైజర్ల బోర్డు వచ్చి జ్యూరీ విచారణకు స్వస్తి చెప్పింది. ఆ బోర్డే 1926లో సుంకాల కోర్టయింది. దాని వారసత్వమే 1980 నుంచి న్యూయార్క్‌లో ఉన్న అంతర్జాతీయ వాణిజ్య న్యాయస్థానం.

ఇప్పటి పద్ధతిలో సరుకు దిగినప్పుడు దిగుమతిదారు కట్టేది అంచనా సుంకం మాత్రమే. సుంకాల శాఖ లెక్క ముగించి దస్త్రం మూసే ఘట్టాన్ని లిక్విడేషన్ అంటారు. మామూలుగా అది సరుకు నమోదైన 314 రోజులకు జరుగుతుంది. ఆ తేదీ నుంచి 180 రోజుల లోపు ప్రొటెస్ట్ వెయ్యాలి. తోసిపుచ్చితే మరో 180 రోజుల లోపు కోర్టుకు వెళ్ళాలి. గడువు దాటితే తప్పు లెక్కయినా ఒప్పుగా నిలిచిపోతుంది. 2025లో అత్యవసరాధికారాల పేరిట విధించిన సుంకాల మీద వ్యాజ్యాలు మొదలైనప్పుడు దిగుమతిదారుల గుండెల్లో గుబులు పుట్టించినది రాజ్యాంగ చర్చ ఒక్కటే కాదు, ఈ క్యాలెండరు కూడా.

రాజ్యాంగానికే విరుద్ధమైన వసూలు విషయంలో గడువు ఎలా పనిచేస్తుందో ఒక ఉదాహరణ ఉంది. 1986లో కాంగ్రెస్ రేవుల నిర్వహణ కోసం సరుకు విలువ మీద ఒక పన్ను వేసింది. 1998లో యు. ఎస్. షూ కంపెనీ కేసులో సుప్రీంకోర్టు, ఎగుమతుల మేరకు అది చెల్లదని ఏకగ్రీవంగా చెప్పింది. ఎగుమతుల మీద పన్నును అమెరికా రాజ్యాంగం సూటిగా నిషేధిస్తుంది. తీర్పు ఒక్క పూటలో వెలువడింది గాని, సొమ్ము వెనక్కు రావడం ఏళ్ళ తరబడి సాగిన ప్రహసనం. వేల మంది ఎగుమతిదారులు తాము ఎప్పుడెప్పుడు ఎంతెంత కట్టారో నిరూపించుకోవలసి వచ్చింది. సకాలంలో దావా వెయ్యనివారికీ ప్రొటెస్ట్ ద్వారా దారి ఉందని 2000లో అప్పీలు కోర్టు అంగీకరించింది. అదే ఏడాది అదే కోర్టు, వడ్డీ మాత్రం రాదని మరో కేసులో తేల్చింది. చెల్లని పన్ను కింద అన్నేళ్ళు ప్రభుత్వం వాడుకున్న డబ్బుకు అద్దె లేదన్నమాట. స్టోరీ బతికి ఉంటే దీని మీద ఎలాంటి అసమ్మతి రాసి ఉండేవాడో!

ఇంతవరకు చెప్పిన తగాదాలన్నిటిలోనూ రెండే పక్షాలు: కట్టినవాడు, కట్టించుకున్నవాడు. మూడో మనిషి ఒకడున్నాడు. న్యూజెర్సీలోనో డాలస్‌లోనో భారతీయ దుకాణంలో ఆవకాయ సీసాకు, బియ్యం బస్తాకు పెరిగిన ధర ఇచ్చినవాడు. సుంకం చెల్లదని రేపు తేలితే వాపసు దిగుమతిదారు పేరు మీద వస్తుంది, సీసా కొన్నవాడి పేరు మీద కాదు. అమెరికా న్యాయం దీన్ని చూడక కాదు, చూసి కూడా పక్కన పెట్టింది. 1918లో రైలు ఛార్జీల కేసులో జస్టిస్ హోమ్స్, ఎక్కువ ఛార్జీని కలప వ్యాపారులు తమ ఖాతాదారుల మీదికి నెట్టేశారు గదా అన్న రైల్వే వాదనను తోసిపుచ్చాడు. నష్టపరిహారంలో చట్టం మొదటి మెట్టు దాటి వెనక్కు తవ్వుకుంటూ పోదని ఆయన ధోరణి. దీనికి ఒక పెద్ద మినహాయింపు ఉంది. 1936 జనవరిలో వ్యవసాయ సర్దుబాటు చట్టం కింది ప్రాసెసింగ్ పన్ను రద్దయినప్పుడు, ఆ భారాన్ని తామే మోశామని, ఇతరుల మీదికి నెట్టలేదని నిరూపించినవారికే వాపసు అని కాంగ్రెస్ అదే ఏడాది శాసించింది. మరుసటి ఏడాది సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. సుంకాల చట్టంలోకి మాత్రం ఆ నియమం రాలేదు.

భారతదేశం సరిగ్గా ఆ నియమాన్నే ఎంచుకుంది. బ్రిటిషు కాలపు 1878 సముద్ర సుంకాల చట్టంలో ఎగుమతి మీద వాపసు ఎనిమిదింట ఏడు వంతులు. పొరపాటున కట్టిన సుంకం తిరిగి అడగడానికి మూడే నెలల గడువు. 1958లో సుప్రీంకోర్టు, చట్టం పట్ల పొరపాటుతో కట్టిన పన్ను కూడా తిరిగి రావలసిందేనని ఉదారంగా తీర్పిచ్చాక వాపసు వ్యాజ్యాలు వెల్లువెత్తాయి. చాలా కేసులలో పన్ను అప్పటికే ధరలో కలిసి జనం చేత వసూలైపోయింది; వాపసు వస్తే అది వ్యాపారికి రెండోసారి చేతికందిన సొమ్ము. 1991లో పార్లమెంటు, భారం తానే మోశానని నిరూపించలేని వ్యాపారికి రావలసిన వాపసు వినియోగదారుల సంక్షేమ నిధికి చేరాలని చట్టాన్ని సవరించింది. పన్ను కొనుగోలుదారు మీద పడిందనే ముందు భావించాలి, కాదని చూపవలసిన బాధ్యత వ్యాపారిది.

ఈ సవరణ మీద తొమ్మండుగురు న్యాయమూర్తుల ధర్మాసనం 1996 డిసెంబరు 19న మఫత్‌లాల్ ఇండస్ట్రీస్ కేసులో తీర్పునిచ్చింది. ప్రధాన తీర్పు రాసినది ఒక తెలుగువాడు, అంతకు ముందు ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో పనిచేసిన జస్టిస్ బి. పి. జీవన్‌రెడ్డి. అన్యాయంగా ధనవంతుడు కావడానికి ఎవరికీ హక్కు లేదు, భారం మోయనివాడికి నష్టమే లేదు కనుక వాపసు లేదు అన్నది దాని సారం. మరి ప్రభుత్వం అన్యాయంగా ధనవంతమవుతున్నది గదా అన్న వాదనకు, రాజ్యం దగ్గర ఉన్న సొమ్ము ప్రజలందరిదీ అన్నది ఆయన సమాధానం. జస్టిస్ సుహాస్ సేన్ గట్టిగా విభేదించాడు. చట్టం అధికారం లేకుండా పన్ను వసూలు చెయ్యరాదని రాజ్యాంగపు 265వ అధికరణం చెబుతుండగా, అలా వసూలైనదాన్ని అట్టేపెట్టుకునే మార్గం ప్రభుత్వానికి చూపడం ఆయనకు నచ్చలేదు. ఇద్దరి వాదనలూ చదివినవారికి జీవన్‌రెడ్డి వైపు న్యాయబుద్ధి మొగ్గుతుంది గాని, సీసా కొన్నవాడికి ఆ నిధి నుంచి నేరుగా ఒక్క రూపాయి కూడా చేరదన్న సంగతి అలాగే మిగిలిపోతుంది. 2000లో సుప్రీంకోర్టు ఈ సూత్రాన్ని మరికొంత పొడిగించి, దిగుమతి చేసిన ముడి సరుకును కర్మాగారంలోనే వాడుకున్నవారికీ వర్తింపజేసింది.

ఇక అభ్యంతరం సంగతి. భారతదేశంలో 2011 నుంచి దిగుమతిదారే తన సుంకం లెక్క తాను వేసుకుని కడుతున్నాడు. మరి తన లెక్కే తప్పయితే? వాపసు దరఖాస్తు చాలదని, ముందు ఆ లెక్కను సవరించుకోవాలని లేదా దాని మీద అప్పీలుకు వెళ్ళాలని 2019లో ఐ. టి. సి. కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అంటే వ్యాపారి తాను వేసిన లెక్క మీద తానే అప్పీలు చేసుకోవాలి. అప్పీలు గడువు అప్పటికే దాటిపోయినవారు 1962 చట్టపు 149వ సెక్షనును ఆశ్రయించారు. సరుకు విడుదలైన నాటికే ఉన్న పత్రాల ఆధారంగా నమోదును సరిదిద్దుకోవచ్చునంటుంది ఆ సెక్షను. అధికారులు అందుకు నిరాకరించారు. 2021లో అలాంటి ఒక కేసులో తెలంగాణ హైకోర్టు, అప్పీలు ఒక్కటే మార్గం కాదని, 149వ సెక్షను కింద నమోదు సవరించి వాపసు అభ్యర్థనను పరిశీలించాలని ఆదేశించింది.